మిర్చి కాటా నుంచి కాంట్రాక్ట్ దాకా: మూడేళ్లు ఈథర్స్ జేఎస్ వాడాక

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి మిర్చి లాట్ల తూకం స్మార్ట్ కాంట్రాక్ట్‌లో, అంటే బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రామ్‌లో, ఎక్కించే చిన్న సైట్ రాసిచ్చాను. ఫారంలో నాలుగు గళ్లు, ఒక బటన్, అంతే. వెనక పని చేసేది ఈథర్స్ జేఎస్, వెబ్ పేజీని బ్లాక్‌చైన్‌తో మాట్లాడించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. ఉచితం, ఓపెన్ సోర్స్.

టెస్ట్‌నెట్‌లో, అంటే అసలు డబ్బు లేని పరీక్షా బ్లాక్‌చైన్‌లో, ట్రయల్ నడుస్తుండగా గుమస్తా గారు ఫోన్ చేశారు. "బాబూ, కాటా చీటీలో 435 కిలోలు, మీ కంప్యూటర్లో 434. కిలో మిర్చి ఎలుకలు తిన్నాయా?"

తప్పు నాదే. గడిలో ఏం కొట్టినా జావాస్క్రిప్ట్‌కి అందేది అక్షరాలే. 4.35 క్వింటాళ్లను నేను నంబర్‌గా మార్చి, కిలోల కోసం వందతో గుణించాను. వచ్చింది 434.99999999999994. దశాంశాన్ని కత్తిరిస్తే 434. కాంట్రాక్ట్ రాసే భాష సాలిడిటీలో మనం వాడేవి పూర్ణాంకాలే కాబట్టి అదే ఎక్కింది. ఒకసారి ఎక్కిన లావాదేవీని చెరపడం కుదరదు. ట్రయల్ కాబట్టి బతికాను.

అప్పటి నుంచి గడిలోని అక్షరాలను ఉన్నవున్నట్టు ఈథర్స్‌లోని పార్స్‌యూనిట్స్ ఫంక్షన్‌కి ఇస్తున్నాను, దశాంశ స్థానాలు రెండు అని చెప్పి. 435 తిన్నగా వస్తుంది. నాకు బాగా నచ్చింది దీని మొండితనం. "1,250" అని కామా పెట్టినా, 4.355 అని మూడో స్థానం కొట్టినా, గడి ఖాళీగా వదిలినా ఊహించి సర్దుకోదు, ఎర్రర్ ఇస్తుంది. అదే ఖాళీ గడిని నంబర్‌గా మారిస్తే జావాస్క్రిప్ట్ చడీచప్పుడు లేకుండా సున్నా చేస్తుంది.

2023లో ఈథర్స్ ఆరో వెర్షన్ వచ్చినప్పుడు మాత్రం చికాకు పడ్డాను, కోడ్‌లో వాడే పేర్లే మారిపోయాయి. వెబ్3ప్రొవైడర్ పోయి బ్రౌజర్‌ప్రొవైడర్ వచ్చింది, బిగ్‌నంబర్ బదులు బిగ్‌ఇంట్, గెట్‌సైనర్ ముందు అవెయిట్. రెండు రాత్రులు పోయాయి. ఇప్పుడు కోడ్ తేలిగ్గానే ఉంది. పంపే ముందు స్టాటిక్‌కాల్ చేసి, అంటే నిజంగా పంపకుండా నడిపి చూస్తే, కాంట్రాక్ట్ ఒప్పుకోని ఎంట్రీ గ్యాస్ (లావాదేవీ రుసుము) ఖర్చు కాకముందే దొరికిపోతుంది.

బటన్ సంగతి లైబ్రరీ చూసుకోదు. లావాదేవీ బ్లాక్‌లో చేరేలోపు గుమస్తా గారు రెండోసారి నొక్కేవారు, ఒకే లాట్ రెండుసార్లు పడేది. లావాదేవీ బ్లాక్‌లో చేరేదాకా ఆగే వెయిట్ (wait) పూర్తయ్యేదాకా బటన్ ఆపేశాను.

ఇక ఫోన్‌లో మామూలు క్రోమ్‌లో తెరిస్తే లావాదేవీకి సంతకం పెట్టే వాలెట్ కనపడదు, మెటామాస్క్ అనే వాలెట్ యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరవాలి. ఆ ముక్క కాటా పక్క గోడ మీద ఇప్పటికీ నా చేతిరాతతో అంటించి ఉంది.