అమెరికాలో ఉండగా మన ఓటీపీలు, లాగిన్‌లు: చాలాకాలం వాడాక నా అనుభవం

మా అమ్మాయి వాళ్లు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. కొన్నేళ్లుగా నేనూ మా ఆవిడా ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, మిగతా కాలం గుంటూరులో గడుపుతున్నాం. మేం ఎక్కడున్నా బ్యాంకు ఖాతాలు, ఎల్‌ఐసీ ప్రీమియం, కరెంటు బిల్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ అన్నీ ఇండియాలోనే. ఏది తెరవాలన్నా లోపలికి వస్తున్నది మనమేనని రుజువు చూపాలి. అందుకు నేను వాడుతున్నవి మూడు: రోమింగ్‌లో (అంటే విదేశీ నెట్‌వర్క్ మీద పనిచేసేలా) ఉంచిన ఇండియా సిమ్, ఫోన్లోనే లాగిన్ కోడ్‌లు తయారుచేసే ఆథెంటికేటర్ యాప్, మిగతా దారులు మూసుకుపోతే వాడేందుకు కాగితం మీద పెట్టుకున్న బ్యాకప్ కోడ్‌లు.

మూడింట్లో తక్కువ మార్కులు సిమ్‌కే వేస్తాను. కానీ అది లేకపోతే మాత్రం అసలు గడవదు. ఆధార్‌కు ఇండియా నంబరే ఉండాలి, విదేశీ నంబరు తీసుకోరు. రిటర్న్‌ను ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేయాలన్నా, ప్రభుత్వ పత్రాలు దాచుకునే డిజీలాకర్ తెరవాలన్నా ఆ నంబరు మన చేతిలో ఉండాల్సిందే. అందుకే ఫోన్లో మన సిమ్ అలాగే ఉంచి, అమెరికా నంబరు ఈ-సిమ్‌గా (విడిగా కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్) వేసుకున్నాను. డేటా అంతా అమెరికా లైన్ మీద. ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ పూర్తిగా ఆఫ్. ఇంటర్నేషనల్ రోమింగ్‌ను మాత్రం బయల్దేరకముందే ఆన్ చేయించుకోవాలి. నా ప్లాన్‌లో రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది. పైగా ఇండియాలో పగలంటే డాలస్‌లో అర్ధరాత్రి. లోన్ కావాలా అంటూ వచ్చే కాల్స్‌తో నిద్ర చెడుతుంది కాబట్టి ఆ లైన్‌కు రింగ్‌టోన్ తీసేశాను.

రీఛార్జ్ విషయంలో ఇప్పుడు కాస్త నయం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధనలు మార్చి, డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్యాక్‌లు ఇవ్వాలని, రీఛార్జ్ వోచర్ల గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని చెప్పింది. మా లాంటివాళ్లకు ఇది నిజంగా మేలు చేసింది. వాడని డేటాకు డబ్బు కట్టక్కర్లేదు, ఏడాదికి ఒకసారి వేయించుకుంటే మళ్లీ ఆ ఊసే ఉండదు. ప్యాక్ అయిపోయి సిమ్ ఊరికే పడి ఉంటే మాత్రం 90 రోజులు దాటాక నంబరు పోయే ప్రమాదం ఉంది. సిమ్‌లో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. దాన్ని నమ్ముకుని ఆర్నెల్లు విదేశాల్లో ఉండొద్దని నా సలహా.

ఇక సిమ్‌తో అసలు టెన్షన్ ఏమిటంటే, ఎస్సెమ్మెస్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఒక్కోసారి సెకన్లలో వస్తుంది. ఒక్కోసారి పేజీ గడువు ముగిసిపోయాక మూడు ఓటీపీలు వరసగా వచ్చి పడతాయి. అలాంటప్పుడు 'రీసెండ్' అదేపనిగా నొక్కకండి. కొత్తది పంపగానే చాలా చోట్ల పాతది చెల్లదు, ఏది ఏదో తెలియదు. ఫోన్‌ను ఒకసారి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీయడం, లేదా సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ బదులు వేరే నెట్‌వర్క్‌ను మనమే ఎంచుకోవడం నాకు ఎక్కువసార్లు పనిచేసింది.

ఇండియాలో సిమ్ మార్చాల్సి వస్తే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే మార్చుకోండి. కొత్త సిమ్ యాక్టివేట్ అయ్యాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. మోసగాళ్లు మన నంబరుతో సిమ్ తీసుకుని ఖాతాలు ఊడ్చేయకుండా పెట్టిన నిబంధన అది, మంచిదే. కానీ విమానం ఎక్కే రోజు దాంతో ఇబ్బందే.

ఆథెంటికేటర్ యాప్‌కు నా పూర్తి మార్కులు. మెయిల్, క్లౌడ్ స్టోరేజ్, షేర్ల ఖాతా, ఇలా దాన్ని ఒప్పుకునే ప్రతి ఖాతాకూ అదే పెట్టాను. సెటప్ చేసే రోజు స్కాన్ చేసిన క్యూఆర్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. ఆ కీనీ, అప్పటి టైమ్‌నూ కలిపి ఫోనే 30 సెకన్లకో కొత్త ఆరంకెల కోడ్ తయారుచేస్తుంది. సిగ్నల్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, రోమింగ్ అక్కర్లేదు. దోహా ఎయిర్‌పోర్టులో వైఫై దొరక్కముందే కోడ్ సిద్ధంగా ఉంటుంది. దేశం మారితే టైమ్ తేడా వస్తుందేమోనని మా ఆవిడ భయపడింది. ఆ భయం వద్దు, లెక్క అంతా యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మీద నడుస్తుంది. ఫోన్లో టైమ్ ఆటోమేటిక్‌లో ఉంటే చాలు. గడియారాన్ని మనం చేత్తో తిప్పితేనే కోడ్‌లు తప్పుతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. సెటప్ రోజున అదే క్యూఆర్‌ను మా ఆవిడ ఫోన్లో కూడా స్కాన్ చేశాం. రెండు ఫోన్లలోనూ ఒకే కోడ్ వస్తుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. సిమ్‌తో ఈ వెసులుబాటు లేదు.

కాగితం కోడ్‌లను చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం వాటిని గట్టిగా సమర్థిస్తాను. గూగుల్ ఒకేసారి పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒకసారే పనిచేస్తుంది. కొత్త సెట్ తీసుకుంటే పాతది రద్దవుతుంది. ప్రింట్ తీసి ఒకటి మా సూట్‌కేసులో, ఒకటి గుంటూరు ఇంట్లో బీరువాలో ఉంచాం. కాగితం మీద ఈమెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ రాయలేదు, అంకెలు మాత్రమే. ఫోనూ, ఆ కాగితమూ ఒకే బ్యాగులో పెట్టొద్దు, బ్యాగు పోతే రెండూ పోతాయి.

తెలిసినవాళ్లు కొందరు సిమ్‌ను ఇంటి దగ్గర తమ్ముడికో బావమరిదికో ఇచ్చి వచ్చి, ఓటీపీ వాట్సాప్‌లో పెట్టించుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మనవాళ్ల మీద నమ్మకం లేక చెప్పడం లేదు. ఓటీపీ మన సంతకం లాంటిది. పైగా అక్కడ వాళ్లు నిద్రపోయే టైమ్‌లోనే ఇక్కడ మనకు పని పడుతుంది. ఎస్సెమ్మెస్‌లను ఫార్వర్డ్ చేసే ఉచిత యాప్‌లు ఇంకా ప్రమాదం. బ్యాంకు మెసేజ్‌లన్నీ ఎవరో తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టే.

యూపీఐ గురించి చాలామంది అడుగుతారు. 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అమెరికా, యూఏఈ, సింగపూర్ సహా పది దేశాల నంబర్లతో యూపీఐకి దారి ఇచ్చింది, కానీ అది విదేశాల్లో స్థిరపడ్డ భారతీయులు తెరిచే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకే. మా అమ్మాయికి పనికొస్తుంది, చూడ్డానికి వెళ్లిన మాకు కాదు. మేం మన సిమ్ ఉన్న ఫోన్లోనే వాడాలి. విదేశాల్లో ఉండగా ఫోన్ మారిస్తే యాప్ మళ్లీ ఆ సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ పంపి నంబరు సరిచూస్తుంది, రోమింగ్‌లో అది తరచూ విఫలమవుతుంది. ఫోన్ మార్చే పని ఏదైనా ఇండియాలోనే చూసుకోండి.

బ్యాంకుల దగ్గర మాత్రం నా అసంతృప్తి పోలేదు. మాకు ఖాతాలున్న వాటిలో ఒకటి తన యాప్‌లోనే ఆమోదం తీసుకుంటుంది, ఎంతో హాయి. ఇంకొకటి ఎస్సెమ్మెస్ తప్ప ఏదీ ఒప్పుకోదు. ఈమెయిల్‌కు పంపమంటే బ్రాంచికి రమ్మంటారు. డెబ్బై దగ్గరపడ్డవాళ్లం, పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతలి నుంచి ఎలా వస్తాం? డిజిటల్ చెల్లింపులపై 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాలకు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. వాటిలో ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కటే దారి కాదని, వేరే పద్ధతులూ వాడొచ్చని ఉంది. అయితే ఎస్సెమ్మెస్‌ను మానెయ్యమని లేదు కాబట్టి మార్చాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. మా ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరగానే ఆ రెండో బ్యాంకులోని సొమ్మును మొదటిదానికి మారుస్తున్నాం.