థ్రిఫ్ట్ స్టోర్‌లో క్రిబ్ కొంటున్నారా? దాని పక్క గోడ కిందికి జారుతుందేమో ముందు చూడండి

అందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటూ ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్లు, త్వరలో పురుడు ఉన్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. థ్రిఫ్ట్ స్టోర్‌లో, అంటే వాడిన వస్తువులు అమ్మే షాపులో, 45 డాలర్లకు కొన్న క్రిబ్ (చుట్టూ కడ్డీలుండే పసిపిల్లల మంచం) మా పాప ప్రాణం మీదికి తెచ్చింది. పాప క్షేమంగా ఉంది. చదివేవాళ్లు కంగారు పడకూడదని ఆ మాట ముందే చెబుతున్నాను.

పాత వస్తువులు కొనడం నాకు కొత్త కాదు. ఎమ్మెస్‌కి వచ్చిన మొదటి చలికాలం నేను వేసుకున్న కోటు 8 డాలర్లది. ఇప్పటికీ మా ఇంట్లో ఉన్న ఇనప పెనం కూడా అలాంటి షాపులోదే, దాని మీద దోసె ఎంత బాగా లేస్తుందో. ఈ షాపుల మీద నాకు గౌరవం ఉంది. ఇలాంటి షాపులు నడిపే గుడ్‌విల్ సంస్థను 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే పాస్టరు మొదలుపెట్టాడు. కలిగినవాళ్ల ఇళ్లలో వాడి వదిలేసినవి పోగుచేసి, పని దొరకనివాళ్ల చేత బాగుచేయించి అమ్మించాడు. ఆ ఆలోచన మంచిది, ఇప్పటికీ మంచిదే. మేం క్రిబ్ కొన్నది అలాంటి పెద్ద సంస్థలో కాదు, డాలస్ దగ్గర మా ఊళ్లోని ఒక చిన్న షాపులో. దాని పేరు రాయదలచుకోలేదు. ఇలాంటి క్రిబ్ ఏ ఊళ్లో ఏ షాపులోనైనా తగలొచ్చు.

మనవాళ్లలో చాలామంది చదువుకునే రోజుల్లో ఈ షాపుల్లోనే అన్నీ కొంటారు, ఉద్యోగం వచ్చాక ఆ గుమ్మం తొక్కరు. "ఎవరో చచ్చినవాళ్ల బట్టలమ్మా అవి" అని నాతో అన్నవాళ్లు ఉన్నారు. ఒకరి ఒంటి మీది బట్ట ఇంకొకరు కట్టడమంటే మనకు మనసొప్పదు. కానీ అదే మనిషి కర్రసామాను దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోతారు. బల్లకీ కుర్చీకీ మైల ఏముంటుంది, తడిగుడ్డతో తుడిస్తే సరి అంటారు. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. పాపకు ఆ షాపులో ఒక్క గౌను కూడా కొనలేదు. క్రిబ్ మాత్రం రెండో ఆలోచన లేకుండా కొన్నాను. నా భయం ఉండాల్సిన చోట లేదు.

నాకప్పుడు ఏడో నెల. గట్టి కర్రతో చేసిన క్రిబ్, ముదురు చెక్క రంగు, గీత కూడా పడలేదు. ముందువైపు పక్క గోడను పైకి ఎత్తి కిందికి దించొచ్చు. పొట్టతో వంగలేని నాకు అదే అన్నిటికంటే నచ్చింది. షాపతను కూడా దాన్నే రెండుసార్లు దించి చూపించి, ఇప్పుడు ఇలాంటివి ఎవరూ చేయడం లేదన్నాడు. ఆ మాట నిజమే. ఎందుకు చేయడం లేదో నాకు అప్పుడు తెలియదు.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. అమ్మ తెనాలి నుంచి పురుటికి రావడానికి టికెట్టు అప్పటికే తీసుకుంది. క్రిబ్ చూసి కాసేపు మాట్లాడలేదు.

"ఎవరి బిడ్డ పడుకున్నదోనే అందులో. ఆ బిడ్డ ఎలా ఉందో ఏమిటో."

"అమ్మా, ఇక్కడ అలాంటివి ఎవరూ పట్టించుకోరు. నీ చాదస్తం నువ్వూ" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ బాధపడుతున్నాను. ఎందుకంటే అమ్మకు పాతవంటే పడదని కాదు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో మా అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నేతచీరలు చించి, ఉతికి, మడతలు పెట్టి తెచ్చింది. మా ఇంట్లో పురిటి బిడ్డ ఒంటి మీద మొదట కొత్తబట్ట వేయరు, నిండుగా బతికిన పెద్దవాళ్ల పాతబట్టలోనే చుడతారు. తెనాలిలో మా ఇంటి చెక్క ఉయ్యాలలో మా మావయ్య, అమ్మ, నేను, తమ్ముడు అందరం పెరిగాం. గొలుసు కొక్కెం అరిగితే తాతయ్య మార్పించిన సంగతి కూడా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ అడిగింది ఆ చరిత్ర. థ్రిఫ్ట్ స్టోర్‌లో వస్తువు ఉంటుంది, దాని చరిత్ర ఉండదు. ఎన్నిసార్లు విప్పి బిగించారో, ఏ బోల్టు పోతే ఏది పెట్టారో, అసలు ఆ ఇంటివాళ్లు ఎందుకు వదిలించుకున్నారో చెప్పేవాళ్లు ఉండరు.

పాపకు అయిదో నెల వచ్చింది, బోర్లా పడటం, పొర్లడం మొదలుపెట్టింది. అమ్మ తిరుగు ప్రయాణానికి ఇంకా పది రోజులుంది. తెల్లవారుజామున మూడింటప్పుడు పాప గదిలో కింద పరుపు వేసుకుని పడుకున్న అమ్మకు టక్కుమని ఏదో విరిగిన చప్పుడు వినిపించింది. లైటు వేసి చూస్తే, క్రిబ్ ముందు పక్క కింది మూలలో ఊడి బయటికి వేలాడుతోంది. పరుపుకీ ఆ పక్కకీ మధ్య సందు పడింది. పాప కాళ్లు, పొట్ట ఆ సందులోకి జారిపోయి, ఛాతీ దగ్గర ఇరుక్కుంది. ముఖం పరుపు అంచుకు నొక్కుకుపోయి ఏడుపు కూడా రావడం లేదు. అమ్మ రెండు చేతులతో పాప చంకలు పట్టుకుని మమ్మల్ని పిలిచింది. మా ఆయన పక్కను బయటికి లాగి పట్టుకుంటే నేను పాపను తీశాను. తీశాక ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నా కాళ్లు వణకడం మొదలుపెట్టాయి. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. పక్కటెముకల దగ్గర ఎర్రగా కమిలింది తప్ప దెబ్బేమీ లేదన్నారు. ఇంకో పది రోజులు ఆగి ఇదే జరిగి ఉంటే ఆ గదిలో అమ్మ ఉండేది కాదు.

తెల్లారాక పరుపు తీసి చూశాం. పక్కను పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్క రెండుగా విరిగింది. రెండు బోల్టులు అసలువి కావు, వేరే సైజువి ఎవరో పెట్టి బిగించారు. అడుగున లేబుల్ మీద తయారీ సంవత్సరం 2006 అని ఉంది. మోడల్ నంబరు సీపీఎస్‌సీ, అంటే ఇక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం వెబ్‌సైటులో కొడితే, ఏళ్ల క్రితమే రీకాల్ అయిందని, అంటే ప్రమాదకరమని వెనక్కి పిలిచేశారని వచ్చింది. రెండు నిమిషాల పని. షాపులో నిలబడి ఫోన్‌లో చేసి ఉండాల్సింది.

ఆ రోజంతా చదివి తెలుసుకున్నవి ఇవి. ఇలా పక్క జారే క్రిబ్‌లను డ్రాప్ సైడ్ క్రిబ్‌లు అంటారు. 2000 తర్వాత పదేళ్లలో కనీసం 32 మంది పసిపిల్లలు వీటివల్ల చనిపోయారని ఆ సంఘమే చెప్పింది. మాకు జరిగినట్టే, ప్లాస్టిక్ ముక్క విరగడమో బోల్టు వదులవడమో జరిగి, పక్క ఒక మూల ఊడి, బిడ్డ ఆ సందులోకి జారుతుంది. విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ ప్రమాదం పెరుగుతుంది, పాతవి కొనేవాళ్లకు వచ్చేవి అలా విప్పి బిగించినవే. 2011 జూన్ 28 నుంచి ఇలాంటి క్రిబ్‌లు తయారు చేయడమే కాదు, అమ్మడం కూడా నిషేధం. కొత్తదైనా పాతదైనా, థ్రిఫ్ట్ స్టోర్ అయినా గరాజ్ సేల్ అయినా అంతే. 2008 నాటి చట్టం ప్రకారం రీకాల్ అయిన వస్తువు ఏదైనా సరే అమ్మకూడదు. రీకాల్ ఒక్క కంపెనీది కాదు, చాలా కంపెనీలవి అయ్యాయి. అందుకే పేరున్న బ్రాండు కదా అని ధైర్యపడకండి.

షాపుకు వెళ్లి ఇదంతా చూపించాం. రసీదు మీద "యాజ్ ఈజ్", "ఆల్ సేల్స్ ఫైనల్" అని, అంటే ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం, వాపసు లేదు అని ఉంది కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. కాస్త గట్టిగా అడిగితే, క్రిబ్ తెచ్చి ఇచ్చేస్తే 45 డాలర్లకు స్టోర్ క్రెడిట్, అంటే అదే షాపులో ఇంకేదైనా కొనుక్కునే వీలు ఇస్తామన్నారు. తీసుకుని ఏం చేస్తారని అడిగాను. బాగుచేసి మళ్లీ పెడతామన్నారు, మామూలు విషయం చెప్పినట్టు. ఆ క్రెడిట్ నాకు అక్కర్లేదని వచ్చేశాం. మా ఆయన రంపం తెచ్చి ఆ క్రిబ్‌ను ముక్కలు కోశాడు, ఎవరైనా చెత్త దగ్గర చూసి ఎత్తుకెళ్లినా బిగించుకోవడానికి వీల్లేకుండా. భద్రతా సంఘం ఫిర్యాదులు తీసుకునే సైటు సేఫర్ ప్రొడక్ట్స్ డాట్ గవ్‌లో ఫొటోలతో సహా రిపోర్టు చేశాం. మీకు ఇలాంటిది ఎదురైతే మీరూ చేయండి.

తెలిసినవాళ్లు ఒకరు "మంచి కర్ర కదా, పక్కకు నాలుగు స్క్రూలు వేసి కదలకుండా బిగించేస్తే సరిపోయేది" అన్నారు. వద్దండీ. ఇంట్లో చేసుకునే అలాంటి రిపేర్లు ప్రమాదాన్ని పెంచుతాయని భద్రతా సంఘం ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది.

వాడిన క్రిబ్ కొనక తప్పనివాళ్లు ముందు లేబుల్ మీద తయారీ తేదీ చూడండి. 2011 జూన్ 28కి ముందుదైతే ముట్టుకోకండి. లేబుల్ చింపేసి ఉన్నా, అక్షరాలు కనపడకపోయినా వదిలేయండి. కడ్డీల మధ్య సందు 2 అంగుళాల 3/8 మించకూడదు. సోడా డబ్బా ఆ సందులోంచి దూరిపోతోందంటే అది ఎక్కువ అన్నమాటే. పరుపుకీ పక్కకీ మధ్య రెండు వేళ్లకంటే ఎక్కువ పట్టకూడదు. ఒక్క బోల్టు వేరేది కనిపించినా కొనొద్దు. పెద్ద సంస్థల షాపులు చాలాచోట్ల క్రిబ్‌లు, కారు సీట్లు అసలు తీసుకోనే తీసుకోవు. ఆ సంగతి తెలిసి ఉంటే చిన్న షాపులో క్రిబ్ కనిపించినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఏటవాలుగా ఉండే శిశువుల పడకలు కూడా అంతే. ఫిషర్ ప్రైస్ రాక్ ఎన్ ప్లే అనేదాన్ని 2019 ఏప్రిల్‌లో దాదాపు 47 లక్షలు రీకాల్ చేశారు. ఆ తర్వాత కూడా జనం ఇళ్లలో వాడుతూ ఉంటే పిల్లలు చనిపోయారు, 2023 జనవరిలో మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది. మన వాట్సాప్ గ్రూపుల్లో "మా బాబు పెద్దవాడయ్యాడు, ఫ్రీగా ఇస్తాం" అని ఇలాంటివి ప్రేమగానే ఇస్తుంటారు. ఇచ్చేవాళ్లూ ఒకసారి వెతికి చూసి ఇవ్వండి. కారు సీటు అయితే దాని వెనకో అడుగునో గడువు తేదీ అచ్చువేసి ఉంటుంది, మామూలుగా తయారైన నాటి నుంచి 6 నుంచి 10 ఏళ్లు. గడువు ఉన్నా, ఆ సీటు యాక్సిడెంటు అయిన కారులో ఉండేదో లేదో బాగా తెలిసినవాళ్ల దగ్గర తప్ప తీసుకోవద్దు.

మరొకటి, ఆవకాయకు బాగుంటాయని పాత పింగాణీ జాడీలు ఈ షాపుల్లో కొనేవాళ్లు ఉన్నారు. పాతకాలపు పింగాణీ పూతలో సీసం ఉండొచ్చు, పులుపుకు అది ఊటలోకి దిగుతుంది. గూట్లో అందానికి పెట్టుకోండి, ఊరగాయకు గాజు సీసా వాడండి.

బట్టల గురించి మాత్రం భయపడకండి. ఇంటికి తేగానే డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద 30 నిమిషాలు తిప్పితే నల్లులు ఉన్నా చస్తాయి, తర్వాత ఉతుక్కోండి. ఇప్పుడు మా పాపకు గౌన్లు నేను అక్కడే కొంటున్నాను.

మీ ఇంట్లో పాత క్రిబ్ ఉంటే ఈ రాత్రి పడుకునే ముందే పరుపు ఎత్తి లేబుల్ చూడండి. పక్క కిందికి జారేదైతే తేదీతో పని లేదు, బిడ్డను అందులో పడుకోబెట్టకండి. మోడల్ నంబరు ఎలా వెతకాలో తెలియకపోతే లేబుల్ ఫొటో పంపండి. పాప రాత్రుళ్లు నన్ను ఎలాగూ లేపుతుంది, ఏ టైములో పంపినా వెతికి చెబుతాను.