డ్యూటీ ఫ్రీ కోసం దారి మార్చుకోవచ్చా? బెంగళూరు నుంచి దోహా, దుబాయ్, సింగపూర్

బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లి నుంచి అమెరికాకో యూరప్‌కో టికెట్ చూసేటప్పుడు "మధ్యలో షాపింగ్ కూడా అయిపోతుంది" అని గల్ఫ్ ఎయిర్‌లైన్ వైపు మొగ్గేవాళ్లు మనలో చాలామందే. ఏళ్ల తరబడి ఈ దారులు వాడాక తేలింది ఇదీ: డ్యూటీ ఫ్రీ, అంటే ఎయిర్‌పోర్టుల్లో సుంకం లేకుండా అమ్మే షాపుల వల్ల ఆ ఎయిర్‌లైన్లకు లాభం గట్టిగానే ఉంది. మనకు మిగిలేది అనుకున్నంత లేదు. మందు సీసాల విషయంలో అయితే దాదాపు లేనట్టే.

ఖతార్ డ్యూటీ ఫ్రీ ఖతార్ ఎయిర్‌వేస్ సొంత సంస్థ. దుబాయ్‌లో 1983లో మొదలైన డ్యూటీ ఫ్రీ, 1985లో ఎగరడం మొదలుపెట్టిన ఎమిరేట్స్, రెండూ అక్కడి ప్రభుత్వ పెట్టుబడి సంస్థ కిందే ఉన్నాయి. విమానం మారే మధ్యలో మూడు గంటల లేఓవర్‌లో మీరు సెంటు సీసా కొంటే ఆ డబ్బు చివరికి టికెట్ డబ్బు చేరిన ఇంటికే చేరుతుంది. బెంగళూరులో లెక్క వేరు. షాపుల్లాంటి వాటి ఆదాయంలో 30 శాతాన్ని ఎయిర్‌పోర్టు చార్జీలు తగ్గించే లెక్కలోకి తీసుకుంటారు. ఆ తగ్గింపు అన్ని కంపెనీలకూ వర్తిస్తుంది కాబట్టి ఏ ఒక్కదానికీ ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

ఇక సీసాల సంగతి. ఇండియాలోకి సుంకం లేకుండా తేగలిగేది 2 లీటర్లు. డ్యూటీ ఫ్రీలో లీటరు సీసాలు దొరుకుతాయి కాబట్టి రెండు తీసుకుంటే సరిగ్గా సరిపోతాయి. ఆఫర్ ఉందని 700 మిల్లీలీటర్లవి మూడు పట్టుకొస్తే 2.1 లీటర్లు, అంటే పరిమితి దాటినట్టే. 750వి మూడైతే చెప్పనక్కర్లేదు. బెంగళూరులో దిగాక ఇమ్మిగ్రేషన్ దాటగానే, బెల్టు దగ్గరికి వెళ్లకముందే అరైవల్ షాపు ఉంటుంది. అక్కడ కొన్నవీ ఈ 2 లీటర్లలోకే వస్తాయి, కానీ సముద్రాలు దాటించి మోసుకొచ్చే పని తప్పుతుంది.

దుబాయ్ కౌంటర్లో కార్డు ఇవ్వగానే "రూపాయల్లోనా, దిర్హాముల్లోనా?" అని అడుగుతారు. దిర్హాములే అనండి. రూపాయలంటే మారకం రేటు వాళ్లు వేసిందే. దిర్హాములన్నా విదేశీ కరెన్సీ ఖర్చు మీద మన బ్యాంకు వేసే అదనపు రుసుము (మార్కప్) ఎలాగూ తప్పదు, చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. చాక్లెట్ల మీద మిగిలిందనుకున్నది ఇక్కడే కరిగిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది షాపువాళ్లు సీసాలు పెట్టిచ్చే సీల్డ్ కవర్ దగ్గర. రసీదు బయటికి కనిపించేలా లోపల పెట్టి అంటించిన ఆ కవర్‌ను చివరి ఊరు చేరేదాకా విప్పకూడదు. విప్పితే తర్వాతి సెక్యూరిటీలో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు కుదరవన్న నిబంధన వచ్చి పడుతుంది. సింగపూర్‌లో 1, 2, 3 టెర్మినళ్లలో ఈ చెకింగ్ గేటు దగ్గరే, అంటే షాపింగ్ అంతా అయ్యాక. అమెరికాలో అడుగుపెట్టిన మొదటి ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు మన చేతికొస్తుంది. అక్కడినుంచి ఇంకో విమానం ఉంటే సీసాను అందులో సర్దేసి మళ్లీ బెల్టు మీద వేయడం మేలు. అబూదాబీ దారిలో ఈ వెసులుబాటు లేదు. అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే ముగుస్తాయి, సూట్‌కేసేమో చేతికి రాదు. కాబట్టి ఆ దారిలో ద్రవాల జోలికి పోకపోవడమే మంచిది.

సింగపూర్‌లో ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న జ్యువెల్ మాల్ చూసి ట్రాన్సిట్ షాపనుకునేవాళ్లు చాలామంది. అది ఇమ్మిగ్రేషన్‌కు బయట ఉంది. ఇండియా పాస్‌పోర్టుకు మామూలుగా వీసా కావాలి, పైగా అక్కడ జీఎస్టీ మామూలే. దుబాయ్‌లో బంగారం చూసి ఆగలేనివాళ్లకు ఒక మాట: సుంకం లేని నగల వెసులుబాటు ఏడాదికి పైగా విదేశాల్లో ఉండి వచ్చేవాళ్లకే. నాణేలకు, బిస్కెట్లకు అదీ లేదు.

అనంతపురం, హిందూపురం వైపు బస్సెక్కేవాళ్లు ఇల్లు చేరేదాకా రసీదు పారేయకండి. విజయవాడకో విశాఖకో విమానం మారేవాళ్లు, సూట్‌కేసు బెల్టు మీద నుంచి తీసుకున్నాక అక్కడే తెరిచి, సీసాలను బట్టల మధ్య చుట్టి మళ్లీ చెకిన్ చేయండి.