కొత్త కారు కొన్నోళ్ళు సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు చదవకుండా సంతకం పెట్టకండి

రాయగడ, గుణుపురం, పార్వతీపురం వైపు కొత్త కారు కొన్నవాళ్ళు, కొనబోయేవాళ్ళు ఇది పూర్తిగా చదవండి, నాకు జరిగింది ఇంకొకరికి జరక్కూడదనే రాస్తున్నా.

మాది ఒడిశాలో రాయగడ. ఇక్కడ వెయిటింగ్ ఎక్కువుందని బోర్డర్ దాటి ఆంధ్రా షోరూంలో తీసుకున్నాం, 9 లక్షల 40 వేలు, సగం పైన బ్యాంకు అప్పే. తెచ్చిన రోజే మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాం, అమ్మ ఎంత సంబరపడిందో. సరిగ్గా 19వ రోజు కోరాపుట్ రోడ్డులో లక్ష్మీపూర్ వైపు ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ లైట్ వెలిగింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా సౌండే గానీ బండి లాగట్లేదు, వెనకాల లోడు లారీ, లోపల అమ్మ, పిల్లలు. మా తమ్ముడు దిగి టైరు కింద రాయి పెడితే గానీ బండి వెనక్కి జారడం ఆగలేదు.

సర్వీస్ సెంటర్‌కి నాలుగుసార్లు తీసుకెళ్ళా. ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం అన్నారు, ఒకసారి పెట్రోల్ బాలేదన్నారు, ఇంకోసారి మీరు హాఫ్ క్లచ్ మీద (క్లచ్ సగం తొక్కి పెట్టి) నడుపుతున్నారన్నారు, పదిహేనేళ్ళ నుంచి అదే ఘాట్‌లో నడుపుతున్నానండీ నేను. ఇక లాభం లేదని లాయర్ దగ్గరికెళ్తే ఆయన ముందు అడిగింది జాబ్ కార్డులు, అంటే బండి సర్వీస్‌కిచ్చినప్పుడు మన కంప్లయింట్ రాసి సంతకం తీసుకునే కాగితాలు. తీసి చూస్తే మూడింటిలో కంప్లయింట్ గడిలో "జనరల్ చెకప్" అని ఉంది, కింద పని తృప్తిగా ఉందని నా సంతకం! ఘాట్‌లో బండి ఆగిపోయిందన్న మాటే ఎక్కడా లేదు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే చెప్తున్నా, మీ కంప్లయింట్ మీ మాటల్లోనే రాయించండి, తేదీ, కిలోమీటర్లు, లైట్ వెలిగిన ఫోటోతో సహా, అదే రోజు కంపెనీకి మెయిల్ కూడా కొట్టండి. ప్రాబ్లం పోకపోతే తృప్తిగా ఉందన్నచోట సంతకం పెట్టొద్దు. నాలుగోసారి నేను అలా పట్టుబట్టి రాయించుకున్న కార్డే ఇప్పుడు నాకు ఆధారం.

"బిల్లు వెనక చూడండి, కేసు మా షోరూం ఉన్న ఊళ్ళోనే వేయాలి" అని షోరూంవాళ్ళు భయపెట్టారు. భయపడకండి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, బండి ఏ రాష్ట్రంలో కొన్నా సరే. 5 నుంచి 10 లక్షల బండికి ఫీజు 200 రూపాయలే, 50 లక్షల వరకు జిల్లా కమిషనే చూస్తుంది, కేసు వేయడానికి గడువు రెండేళ్ళు. షోరూంని ఒక్కదాన్నే కాదు, తయారు చేసిన కంపెనీని కూడా పార్టీగా పెట్టండి. లోపం ఉందని చూపించాల్సింది మనమే, కాబట్టి బండిని నిపుణుడితో టెస్ట్ చేయించమని కమిషన్‌ని ముందే అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే వాళ్ళు తీర్పు ఇవ్వరు గానీ మన కంప్లయింట్ కంపెనీకి పంపిస్తారు, ఆ నంబరు దాచుకోండి. టాక్సీకి తిప్పేవాళ్ళు మాత్రం అది మీ సొంత జీవనోపాధి కోసమేనని చూపించాలి, లేదంటే కమర్షియల్ అని కొట్టేస్తారు. కోపంతో ఈఎంఐ ఆపేయకండి, బ్యాంకుకి దీంతో సంబంధం లేదు.

నా కేసు రాయగడలో వేశాను. ఇటువైపు ఎవరి కొత్త బండైనా ఇలాగే ఘాట్‌లో పికప్ పోయుంటే, మీ జాబ్ కార్డు కాపీ ఉంటే దయచేసి చెప్పండి, ఇద్దరం కలిసి చూపిస్తే హాఫ్ క్లచ్ అని తప్పించుకోలేరు.