యూనికార్న్ వెనక టైరు: లావుది తీసేసి పాత కొలతకే వచ్చాను

మాడుగుల నుంచి పాడేరు ఘాట్ ఎక్కి బడికి వెళ్లొచ్చే బండి నాది, హోండా యూనికార్న్. ఘాట్‌లో వానా, పొగమంచూ రెండూ ఉంటాయి. అందుకే టైరు గురించి ఇంత రాస్తున్నాను.

రెండేళ్ల కిందట వెనక టైరు అరిగిపోతే ఒక షాపులో "కాస్త లావుది వేయించండి మాస్టారూ, గ్రిప్పు బావుంటుంది" అన్నారు. నమ్మాను. కంపెనీ కొలత 100/90-18, నాకు ఎక్కించింది 110/90-18. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము కొలత. చూడ్డానికి బండి నిండుగా కనబడేది. రెండో రోజే తేడా తెలిసింది. వంపు దగ్గర బండి తనంతట తాను వాలదు, నేను బలవంతాన వాల్చాలి. హెయిర్‌పిన్‌లో, అంటే వెనక్కి తిరిగే మలుపులో, అది ఎంత భయమో ఘాట్ నడిపేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంట్లో కూర్చుని లెక్కేశాను. 110లో 90 శాతం, అంటే టైరు గోడ ఎత్తు 99 మిల్లీమీటర్లు. పాతది 90. బండి వెనక భాగం 9 మిల్లీమీటర్లు లేచింది. రిమ్ము మాత్రం ఆ సన్నటిదే, లావు టైరుని రెండు పక్కలా నొక్కిపట్టి దాని ఆకారమే మార్చేసింది. పైగా టైరు చుట్టూ సందు చాలక వానాకాలమంతా బురద ఇరుక్కునేది.

ఈ జులైలో అది కూడా అరిగి, గాడి అడుగునుండే చిన్న మిట్ట రబ్బరుతో సమానమైంది. టైరు పక్కన టీడబ్ల్యూఐ (అరుగుదల గుర్తు) అని రాసి ఉన్న చోట చూస్తే ఆ మిట్ట దొరుకుతుంది. ఈసారి అనకాపల్లి వెళ్లాను, బెల్లం మార్కెట్ దారిలో ఒక చిన్న షాపు. ఎమ్మారెఫ్ జాపర్, 100/90-18, 56పీ, ట్యూబ్‌లెస్ అడిగాను. 56 అంటే 224 కిలోల బరువు మోస్తుంది, పీ అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుంది. మా ఇద్దరికీ, వెనక కట్టే బియ్యం మూటకీ ధారాళంగా చాలు.

మొదట తెచ్చిన టైరు మీద 3122 అని ఉంది, 2022లో 31వ వారం తయారీ. కొత్తదే, కానీ మూడేళ్లు గోడౌన్‌లో ఉంది. వద్దన్నాను. కుర్రాడు ఒక్క మాట అనకుండా లోపలికెళ్లి 1825 ఉన్నది తెచ్చాడు. నాకు ఆ షాపు నచ్చింది అక్కడే. రిమ్ము అంచు తుప్పు బ్రష్షుతో గీకాడు, అడక్కుండానే కొత్త వాల్వు వేశాడు, టైరులో తేలికైన చోటుని చూపించే పసుపు చుక్కని వాల్వు దగ్గరికి తెచ్చాడు, బాణం గుర్తు తిరిగే వైపే ఉందని నాకు చూపించాడు. బిగింపుతో కలిపి 2,600 అయింది.

కొత్త రబ్బరు మీద జారుడు ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు చోడవరం రోడ్డు మీదే నెమ్మదిగా తిప్పాను. తర్వాత ఘాట్ ఎక్కితే, అబ్బ, పాత బండి తిరిగొచ్చింది! నడుం కదిపితే చాలు, వంపులోకి వెళ్తుంది. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనక చక్రం తప్పుకోలేదు. ఇప్పటికి 3,000 కిలోమీటర్లు తిరిగింది, అరుగుదల మధ్యలోనూ పక్కల్లోనూ ఒకేలా ఉంది. వదులు కంకర మీద మాత్రం ఏ రోడ్డు టైరుతోనైనా జాగ్రత్తే.

గాలి వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, బండి మీద కంపెనీ అంటించిన స్టిక్కరులో ఉన్నంతే పట్టిస్తున్నాను. ముందు టైరు 80/100-18 కూడా అరుగుతోంది. దసరా సెలవుల్లో అదే షాపుకి వెళ్తాను.