ఉద్దానంలో మూడేళ్లుగా వాడుతున్న సోలార్ సెట్: సరుకు మంచిదే, కంట్రోలర్ దగ్గరే మోసపోయాను

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో స్తంభాలన్నీ పడిపోయి, మళ్లీ బల్బు వెలగడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. జనరేటర్ ఉన్నాయన ఒక్కో ఫోన్ చార్జింగుకి 20 రూపాయలు అడిగితే వరసలో నిలబడి మరీ ఇచ్చాం. సోలార్ పెట్టించాలని అప్పుడే అనుకున్నా, పెట్టించింది మాత్రం 2022 జూలైలో.

330 వాట్ల ప్యానెల్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ, ప్యానెల్ కరెంటుని సర్ది బ్యాటరీకి పంపే చార్జ్ కంట్రోలర్, రెండు డీసీ ఫ్యాన్లు, మూడు లైట్లు. స్టాండు, వైరింగుతో కలిపి 34 వేలు అయింది.

మొదట్నుంచీ రాత్రి రెండయ్యేసరికి ఫ్యాన్ నీరసపడిపోయేది. షాపాయన్ని అడిగితే "వానాకాలం కదండీ, మబ్బులు" అన్నాడు. సరే అనుకుంటే సంక్రాంతి ఎండలోనూ అదే తంతు. చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మిట్టమధ్యాహ్నం మీటర్ పెట్టిస్తే బ్యాటరీకి ఎనిమిదిన్నర ఆంప్సే వెళ్తోంది, అంటే 110 వాట్లు! ఆ ప్యానెల్ 37 వోల్టుల దగ్గర పనిచేసే రకం, షాపులో ఇచ్చింది పీడబ్ల్యూఎం అనే చవక రకం కంట్రోలర్, అది ప్యానెల్‌ని 12 వోల్టుల బ్యాటరీ స్థాయికి లాగేస్తుంది, మిగతా కరెంటంతా గంగపాలు. సొంత డబ్బులతో, ప్యానెల్ అదనపు వోల్టులని ఆంప్స్‌గా మార్చి బ్యాటరీకిచ్చే ఎంపీపీటీ కంట్రోలర్ వేయిస్తే అదే ఎండకి పందొమ్మిది ఆంప్స్ వచ్చాయి. పీడబ్ల్యూఎం మీదే ఎంపీపీటీ స్టిక్కర్ అంటించి అమ్మేవాళ్లూ ఉన్నారు, మరీ చవగ్గా ఇస్తానంటే అనుమానించండి.

ఇంకోటి, మనది కొబ్బరిచెట్ల సీమ కదా. ఒక్క మట్ట నీడ ప్యానెల్ మూల మీద పడినా ఆంప్స్ మూడోవంతు పడిపోయేవి. ప్యానెల్‌ని వంటగది కప్పు మీదికి మార్చాకే ఆ బాధ తీరింది.

ఇప్పుడు ఎండ ఉన్న రోజున దాదాపు ఒక యూనిట్ వస్తోంది. తెల్లారేదాకా రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు హాయిగా నడుస్తాయి. ఫ్రిజ్, మిక్సీ అడగొద్దు.

సబ్సిడీది పెట్టించుకోవచ్చుగా అంటారు. ఇంటికప్పు సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ ఇస్తారు, బిల్లూ బాగా తగ్గుతుంది, కాదనను. కానీ మామూలుగా బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే ఆ సెట్టు, లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, సోలార్ కరెంటు లైన్లోకెక్కి లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. మా పక్కింటి మావయ్య అదే పెట్టించి, మొన్న కరెంటు పోయినప్పుడు "ఏటల్లుడూ, ఇంత ఎండ కాస్తుంటే ఫ్యాన్ తిరగదేటి?" అని మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. గాలేస్తే లైను పోయే మా తీరానికైనా, మందస కొండల మీద సవర గూడేలకైనా చిన్నదైనా బ్యాటరీ సెట్టే నయం అంటాను.

సెట్టుకి నాలుగు స్టార్లు, షాపుకి ఒకటి. ఉప్పుగాలికి మామూలు బోల్టులు ఏడాదికే తుప్పుపట్టాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి వేయించుకోండి. మూణ్ణెల్లకోసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం నేనూ తమ్ముడూ కప్పెక్కి, బోల్టులు విప్పి, ప్యానెల్‌ని దించి అమ్మ మంచం కింద పెట్టేస్తాం.