పీరింగ్‌డీబీ లాగిన్: కొన్నేళ్లుగా వాడుతున్నవాడి సమీక్ష

ఈ ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో నెట్‌వర్కుకు ఉండే గుర్తింపు సంఖ్య) మాదేనని అవతలి నెట్‌వర్కుకు చూపించాలంటే ఒకప్పుడు లెటర్‌హెడ్ మీద ఉత్తరం టైపు చేసి, సంతకం, స్టాంపు వేయించి, స్కాన్ చేసి మెయిల్ పెట్టేవాళ్లం. ఆ సంతకం ఎవరిదో తేల్చుకునే దారి వాళ్లకు ఉండేది కాదు. చిన్న ఐఎస్‌పీలో రౌటర్లు చూసుకునే నాకు ఈ తతంగం చాలావరకు తప్పించింది పీరింగ్‌డీబీ లాగినే.

రెండు నెట్‌వర్కులు నేరుగా కలిసి ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకోవడమే పీరింగ్, అవి కలిసే చోటు ఎక్స్ఛేంజీ. ఏ నెట్‌వర్కు ఏ ఎక్స్ఛేంజీలో ఉందో నెట్‌వర్కులవాళ్లే నింపుకునే డేటాబేసు పీరింగ్‌డీబీ. 2004లో మొదలైంది, లాభాపేక్ష లేకుండా నడుస్తోంది. క్లౌడ్‌ఫ్లేర్ పీరింగ్ పోర్టల్లోకీ, ఎక్స్ఛేంజీలను నడిపే ఐఎక్స్‌పీ మేనేజర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం పెట్టుకున్న ఎక్స్ఛేంజీల పోర్టళ్లలోకీ ఈ ఖాతాతోనే వెళ్లొచ్చు. పాస్‌వర్డ్ అవతలికి పోదు. మన పేరు, మెయిల్, మన ఏఎస్ నంబర్లు, వాటి మీద మనకున్న హక్కులు మాత్రమే ఓఆథ్ (ఒక సైటు ఖాతాతో, పాస్‌వర్డ్ ఇవ్వకుండా, మరో సైటులోకి వెళ్లే పద్ధతి) ద్వారా అందుతాయి.

అసలు బలం, బలహీనత రెండూ మొదటి మెట్టులోనే ఉన్నాయి. నంబరు మాదని చెప్పగానే పీరింగ్‌డీబీ నంబర్లు కేటాయించే రిజిస్ట్రీలోని ఆర్‌డాప్ రికార్డు (నంబరు ఎవరి పేరు మీద ఉందో చెప్పే బహిరంగ వివరం) చూస్తుంది. అందులోని కాంటాక్టు మెయిల్, మన మెయిల్ ఒకటైతే వెంటనే ఒప్పుకుంటుంది. లేకపోతే వాలంటీర్లు చూసి తేలుస్తారు. అయితే నేను చూసిన చిన్న ఆపరేటర్లు కొందరికి మన దేశపు రిజిస్ట్రీ ఐరిన్‌లో గానీ ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ ఏపీనిక్‌లో గానీ దరఖాస్తు నింపింది కన్సల్టెంటే. రికార్డులో ఉన్నది ఆయన జీమెయిలే! నెట్‌వర్కు మీది, తాళంచెవి ఆయనది. పీరింగ్‌డీబీ ఖాతా తెరవక ముందే ఆ మెయిల్ మార్పించండి. దయచేసి వాయిదా వేయకండి.

ఉద్యోగం మానేసినవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఆఫీసు మెయిల్ తీసేసినంత మాత్రాన పీరింగ్‌డీబీలో ఆ మనిషి సంస్థ నుంచి తొలగిపోడు. అడ్మిన్ వెళ్లి తీసేయాలి. ఐఎక్స్‌పీ మేనేజర్ ఇక్కడ నాకు బాగా నచ్చింది: పీరింగ్‌డీబీలో సంబంధం తెగితే, ఆ దారిన వచ్చిన అనుమతిని తర్వాతి లాగిన్‌లో తనే తీసేస్తుంది. వేరే ఒక పోర్టల్ మాత్రం మొదటిసారి లాగిన్ అయినప్పుడు తన దగ్గర ఖాతా తెరుచుకుని మళ్లీ ఎప్పుడూ సరిచూడలేదు. మానేసి వెళ్లిన సహోద్యోగికి మా పీరింగ్ సెషన్లన్నీ (ఇతర నెట్‌వర్కులతో మాకున్న కనెక్షన్లు) కనిపిస్తూనే ఉన్నాయి. అడిగితే గానీ తీయలేదు. ప్రతి లాగిన్‌కూ సరిచూడని పోర్టల్‌ను నేను నమ్మను.

ఇంకో హద్దు కూడా ఉంది. ఈ లాగిన్ చెప్పేది మనిషికీ ఏఎస్ నంబరుకూ ఉన్న సంబంధమే. ఫలానా ఐపీ బ్లాకు (ఐపీ అడ్రసుల గుంపు) మనదని చెప్పదు. దానికి ఆర్‌పీకేఐ (నంబర్ల మీద హక్కును డిజిటల్ సర్టిఫికెట్లతో రుజువు చేసే వ్యవస్థ) కావాలి. బ్లాకును ఏ ఏఎస్ ప్రకటించవచ్చో అందులోని రోవా అనే డిజిటల్ సంతకం ఉన్న పత్రం చెబుతుంది. నంబర్ల హక్కుదారు ఏ ఫైలు మీదైనా సంతకం చేసే పద్ధతిని 2022 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9323 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్ణయించింది. నాతో పని ఉన్న నెట్‌వర్కుల్లో ఒక్కటీ దాన్ని అడగడం ఇంకా చూడలేదు. అడిగే రోజు త్వరగా రావాలని కోరుకుంటున్నాను.

మొత్తమ్మీద పీరింగ్ పనికి ఇంతకంటే హాయైన దారి నాకు తెలియదు. మీ సంస్థకు పీరింగ్‌డీబీలో రెండో అడ్మిన్‌ను పెట్టుకోండి, ఇద్దరికీ టూ ఫ్యాక్టర్ ఉండాలి. ఎక్స్ఛేంజి పోర్టల్లో విడిగా ఒక లోకల్ పాస్‌వర్డ్ కూడా ఉంచుకోండి. పీరింగ్‌డీబీ అందని రోజున అదొక్కటే లోపలికి దారి.